స్టూడియోకి గొడుగు కొనడానికి వెళ్ళినప్పుడు

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా ఫోటో స్టూడియో డాక్ గేటుకు వెళ్ళే దారిలో, బియ్యం కొట్టుకీ దర్జీ కొట్టుకీ మధ్య ఉండేది. ముందు గదిలో ఒక బల్ల, గోడల నిండా ఫోటోలు. వెనక గదిలో నీలం తెర, లైట్లు. మెట్ల కింద చీకటి గది. ఫోటోలు తీసేది మా ఆయన. ఆయన నాకు మేనమామ కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక మరో పిలుపుకు తిరగలేదు. ప్రింట్లు కడగడం, వాటి మీద మచ్చల్ని సన్నటి కుంచెతో సర్దడం నా పని.

మా ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం వైపు నుంచి డాక్ పనికి వచ్చినవాళ్ళే. మా స్టూడియోకి వచ్చేవాళ్ళలో సగం మంది కూడా అలా వచ్చినవాళ్ళు. డాక్ పాసు కోసం, ఊరికి పంపడానికి, పిల్లకు సంబంధం చూడటానికి, ఆదివారం చర్చి అయ్యాక సరదాకి ఫోటోలు తీయించుకునేవారు. ఈద్ ముందు పక్కపేట మెటియాబ్రుజ్ నుంచి దర్జీల కుటుంబాలు గుంపులుగా వచ్చేవి.

మొదట్లో మా దగ్గర పెద్ద పెద్ద బల్బులుండేవి. వాటి కింద కూర్చుంటే కాసేపటికే చెమటలు కారేవి, చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. తర్వాత మూతపడిన ఒక బెంగాలీ స్టూడియో వాళ్ళ దగ్గర పాత ఫ్లాష్ లైట్లు రెండు తీసుకున్నాం. వాటితోపాటు ఒక గొడుగు వచ్చింది. చూడటానికి వానకు పట్టే గొడుగే, కానీ గుడ్డకు లోపలివైపు వెండి పూత. దాన్ని స్టాండుకు బిగించి, ఫ్లాష్‌ని మనిషి వైపు కాకుండా గొడుగు లోపలికి తిప్పి పెడతారు. వెలుగు దానికి తగిలి వెనక్కి పరుచుకుని మనిషి మీద పడుతుంది.

ఆ గొడుగు బావకు ప్రాణం. నాకు మాత్రం దానితో పేచీ ఉండేది. వెండి పూత మీంచి వచ్చే వెలుగు గట్టిగా ఉంటుంది. ఎండలో బరువులు మోసి నల్లబడ్డ మా వాళ్ళ ముఖాల మీద అది పడితే, నుదుటి మీదా చెంపల ఎముకల మీదా నూనె రాసినట్టు తెల్లటి మెరుపు వచ్చేది. ఆ మెరుపుల్ని కుంచెతో తగ్గించడానికే నా పొద్దంతా పోయేది.

"తెల్లగుడ్డ గొడుగు తీసుకుందాం బావా. ఎలుతురు మెత్తగా పడతాది" అనేదాన్ని.

"మెత్తగా పడితే ఎనకున్నోళ్ళకి అందొద్దేటి? ఎండిది దూరం కొడతాది" అనేవాడు.

ఎన్నేళ్ళయినా ఆ మాటలు అక్కడే ఆగేవి.

ఇలా ఉండగా గ్రూపు ఫోటోల్లో ఏదో తేడా రావడం మొదలైంది. అది ముందు చీకటి గదిలో నా కంటపడింది. మధ్యలో కూర్చున్నవాళ్ళు బాగానే ఉన్నారు. చివర్లో నిలబడ్డవాళ్ళు చీకట్లో పడుతున్నారు. ఒక్కోసారి చివరి మనిషి భుజమో చెవో తెగిపోతోంది. చర్చిలో పాటలు పాడే ఆడపిల్లల ఫోటోలో ఒకమ్మాయి సగమే పడింది. బావకు చూపిస్తే, వోల్టేజి తగ్గిందన్నాడు. ఆ రోజుల్లో కలకత్తాలో వోల్టేజి అంటే ఇక తిరుగులేదు. సాయంత్రమైతే కరెంటు పోవడం, ఉన్నప్పుడు కూడా బల్బులు పసుపుపచ్చగా మిణుకుమనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. నేనూ నమ్మాను.

డాక్‌లో క్రేను నడిపే ఒకాయన కుటుంబం వచ్చింది. డాక్ పని వదిలేసి సొంతూరు వెళ్ళిపోదామనుకుంటున్నారు, వెళ్ళేలోగా అందరూ కలిసి ఒక ఫోటో కావాలన్నారు. ఆయన తల్లి బాగా పెద్దావిడ. మధ్యలో కుర్చీ వేస్తే కూర్చోనంది.

"నానేటి పెళ్ళికూతుర్నా నడిమిన కూసోడానికి?" అని నవ్వుతూ వెళ్ళి, చివర మనవరాలి భుజం పట్టుకుని నిలబడింది.

ప్రింటు వేస్తే ఆవిడ ముఖంలో సగం నీడలో కలిసిపోయింది, ఒక పక్క తెగిపోయింది. మళ్ళీ రమ్మని కబురు పెట్టాం. వస్తామన్నారు. ఈలోగా ఆవిడకు జ్వరం తగిలింది, ఆ జ్వరంలోనే పోయింది.

కొన్నాళ్ళకు కొడుకు ఒక్కడూ వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా మొలవలేదు. "ఆ ఫోటోల మాయమ్మ మొకం ఒక్కటీ పెద్దది సేసియ్యక్కా. పటం కట్టించుకుంటాను. ఇంకో ఫోటో నేదు ఆవిడికి" అన్నాడు.

చీకటి గదిలోకి వెళ్ళి చేతనైనదంతా చేశాను. ఎంత పెద్దది చేసినా లేని ముఖం రాదు. ఒక కన్ను, సగం నవ్వు వచ్చాయి. అదే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వెలుతురులోకి తిప్పి చూశాడు.

"పోన్లే అక్కా. మీరు మాత్రం ఏటి సేస్తారు" అని, దాన్ని చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన తిట్టి ఉంటే బావ తట్టుకునేవాడు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడు పొద్దున్న, "ఇంకా పెద్ద గొడుగు కావాల. సిన్నదవడం వల్లే ఇలాగవుతోంది. నువ్వూ రా, నీకు నచ్చిందే తీసుకుందాం" అన్నాడు. ఏళ్ళ తరబడి వెండి గొడుగును వదలని మనిషి అంత తేలిగ్గా దిగివచ్చేసరికి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ధర్మతలా దగ్గర ఒక సందులో కెమెరా కొట్లన్నీ పక్కపక్కనే ఉండేవి. మేము వెళ్ళిన కొట్టాయన వయసు మళ్ళిన బెంగాలీ. నన్ను బౌది, అంటే వదిన అనీ, బావను దాదా అనీ పిలుస్తూ, రెండు చిన్న మట్టి కప్పుల్లో టీ తెప్పించాడు.

"గొడుగు ఎలాంటిదో చేత్తో పట్టుకుంటే తెలీదు. బౌది ముఖం మీద చూద్దాం" అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా చేతికి ఒక అద్దం ఇచ్చాడు. ఒక దీపం వెలిగించి దాని ముందు గొడుగులు ఒక్కొక్కటే మార్చసాగాడు.

మొదట వెండిది. చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంటలు రెండు నా ముక్కు పక్కన ఉన్నాయి. అద్దంలో అవి గోతుల్లా కనిపించాయి. తర్వాత పల్చటి తెల్లగుడ్డది. ఈ రకానికి దీపాన్ని లోపలికి తిప్పనక్కర్లేదు, వెలుగు గుడ్డలోంచి వడకట్టినట్టు వచ్చి మనిషి మీద పడుతుంది. ముఖం బాగానే ఉంది కానీ సగం వెలుగు చుట్టూ గోడల మీదికి పోయింది. మా గదిలాంటి ఇరుకు గదిలో అది నీలం తెర మీద కూడా పడి రంగు పాడుచేస్తుందని ఆయనే చెప్పాడు. బంగారు రంగుది కూడా ఒకటి తీశాడు, ముఖం పచ్చగా పడుతుంది, బౌదికి వద్దులే అని తనే నవ్వి మూసేశాడు. చివరికి మందపాటి తెల్లగుడ్డది, వెనక నల్లగుడ్డ కుట్టినది పెట్టాడు. వెనక్కి ఏమాత్రం వెలుగు పోదు, వచ్చేదంతా ముందుకే వస్తుంది, మెత్తగా వస్తుంది. అద్దంలో చూసుకున్నాను. గుంటలు ఉన్నాయి. కానీ ముందుగా కళ్ళు కనిపిస్తున్నాయి, ఆ తర్వాతే గుంటలు.

"ఇదే" అన్నాను.

"దీంట్లో పెద్ద సైజు?" అని బావ అడిగాడు. కొట్టాయన లోపలికి వెళ్ళి పెద్దవి తెచ్చాడు. తేడా చూపించడానికి తెల్లదాన్ని బావకు ఎదురుగా ఒక స్టాండుకీ, వెండిదాన్ని ఆయన కుడిచేతి పక్కన ఇంకో స్టాండుకీ బిగించి, రెండూ తెరిచాడు. కొట్టు మొత్తం గొడుగులతో నిండిపోయింది. బావ ఎదురుగా ఉన్న తెల్లగుడ్డను వేళ్ళతో తడిమి చూశాడు, కుట్లు చూశాడు, ఊచలు చూశాడు. తర్వాత బెంగాలీలో అన్నాడు.

"బాగుంది. ఆ పెద్ద వెండిది కూడా ఒకసారి తెరిచి చూపించండి దాదా."

అది ఆయన చెవి పక్కనే తెరిచి ఉంది.

కొట్టాయన హాస్యమనుకుని నవ్వాడు. బావ నవ్వలేదు. "ఏదీ?" అంటూ తల తిప్పాడు. గొడుగు ఊచ కొస చెంపకు గుచ్చుకుంది. ఉలిక్కిపడి వెనక్కి అడుగేసేసరికి స్టాండు కాలికి తగిలి, గొడుగుతో సహా పడిపోయింది.

"ఎప్పుడు పెట్టారిది ఇక్కడ? చెప్పక్కర్లేదా?" అని ముసలాయన మీద కేకలేశాడు.

ముసలాయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ప్రశ్న ఉంది.

"ఇప్పుడే పెట్టారు బావా. నువ్వు అటు తిరిగున్నప్పుడు" అన్నాను.

పెద్ద తెల్లది తీసుకుని బయటపడ్డాం. రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు పోతోంది, బస్సులూ ట్రాములూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మైదానం పక్కనుంచి నడవడం మొదలుపెట్టాం. నా కాళ్ళు నడుస్తున్నాయి కానీ నా బుద్ధి ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఇంట్లో గడప పక్కన పెట్టిన చెంబును ఎన్నిసార్లు తన్నాడు. సందులో పక్కనుంచి చేయెత్తి పలకరించినవాళ్ళకు జవాబివ్వక, పొగరెక్కిందనిపించుకున్నాడు. సగమే పడిన ఆ అమ్మాయి. ముసలావిడ.

కొంచెం వెనకబడి, చుట్టిన గొడుగును ఆయన కుడి చెవికి పక్కగా ఎత్తి పట్టుకుని నడిచాను. తల తిప్పలేదు. ఇంకొంచెం ముందుకు జరిపాను. అప్పుడూ తిప్పలేదు.

"బావా, గొడుగెక్కడుంది?"

"నీ సేతిల ఉంది. అదేటి ప్రశ్న?" అంటూ తిరిగి, ముఖం పక్కనే ఉన్న దాన్ని చూసి ఆగిపోయాడు.

"నీకు పక్కలు కనబడ్డం నేదు కదా?" అన్నాను.

"నీకేటి పిచ్చా?" అన్నాడు. నడక పెంచాడు. కొంతదూరం పోయాక ఒక చెట్టు కింద నిలబడ్డాడు. నేను దగ్గరకు వెళ్ళాను.

"ఎప్పుట్నుంచి బావా?"

"తెలీదే. నిజంగా తెలీదు. ఓ రోజు ఉండి ఓ రోజు పోతే తెలుస్తాది. అందరికీ ఇలాగే ఉంటాది కాబోలనుకున్నాను. ఓల్టేజి తక్కువనుకున్నాను." చెట్టు బెరడు గిల్లుతూ, "ఎవురికీ సెప్పకు. ఫోటోలు తీసీవోడికి కళ్ళు నేవంటే ఎవుడొస్తాడు మన కొట్టుకి?" అన్నాడు.

ఆస్పత్రికి రమ్మంటే రేపన్నాడు, ఎల్లుండన్నాడు. కొత్త గొడుగు కింద ముఖాలు ఎంతో బాగా వస్తున్నాయి. కుంచె పని బాగా తగ్గిపోయింది. ఆ మాట పైకి అనడానికి కూడా నాకు మనసు రాలేదు. గుంపు వచ్చినప్పుడు నేనే లోపలికి వెళ్ళి, చివరివాళ్ళను మధ్యకు జరిపి, చీర కొంగులు సర్దుతున్నట్టు నటిస్తూ అంచులు చూసుకునేదాన్ని. ఆయనకు అది తెలుసు. తెలిసి, కెమెరా వెనక పళ్ళు బిగించుకుని నిలబడేవాడు.

ఒక పొద్దున్న డాక్ గేటు ముందు రోడ్డు దాటుతుంటే లారీ ఆయన మోచేతిని గీసుకుంటూ పోయింది. చొక్కా చేయి చిరిగి, తోలు లేచిపోయింది. ఇంటికొచ్చి నేను పసుపు అద్దుతుంటే, తనే అన్నాడు. "రేపెల్దాం."

ప్రభుత్వ కంటి ఆస్పత్రిలో పొడుగాటి వరస. లోపల ఒక డాక్టరమ్మ, బెంగాలీ, నాకంటే చిన్నది. తెల్లటి పెద్ద గిన్నెలాంటి యంత్రంలో ఆయన గడ్డం పెట్టించి, నడుమ ఉన్న చుక్కనే చూడమంది. పక్కల్లో చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తాయి, కనిపించినప్పుడల్లా బల్ల మీద తట్టమంది.

"గొడుగులోన తలెట్టినట్టుందే" అన్నాడు నాతో తెలుగులో.

నేను పక్కన నిలబడి ఉన్నాను. చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. నాకన్నీ కనిపిస్తున్నాయి. ఆయన చేయి మాత్రం కదలడం లేదు. చివరికి ఒక చుక్క నడుమకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు టక్కున తట్టాడు, పరీక్షలో జవాబు తెలిసిన పిల్లాడిలా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను.

నీటికాసులంది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది, నొప్పి ఉండదు, అంచుల నుంచి చూపు తినుకుంటూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటే మిగిలింది నిలబడొచ్చు. బావ ఒక్కటే అడిగాడు. "ఫోటోలు తీయవచ్చా?" ఆమె జాలిపడకుండా చెప్పింది. ఒక్క మనిషినైతే ఇంకా కొన్నేళ్ళు తీయవచ్చు, గుంపును వద్దు. ఇంకో మాట కూడా అంది. ఇది రక్తంలో వస్తుంది, పిల్లలుంటే పరీక్ష చేయించాలి. మేము దగ్గర చుట్టరికంలో చేసుకున్నవాళ్ళమని తెలిసి, నన్ను కూడా రమ్మంది. మాకు ఒక్క కూతురు, అప్పుడు బళ్ళో చదువుతోంది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో తలుచుకోవాలంటే ఇప్పటికీ ఇష్టముండదు. కెమెరా నేను పట్టుకుంటే ఆయనకు కోపం. పట్టుకోకపోతే పని లేదు. నేను గొడుగు పెట్టిన చోటు ఆయనకు నచ్చేది కాదు. "దగ్గరకి లాగు. ఇంకా లాగు. అంత దూరాన ఉంటే తెల్లగుడ్డ ఏటి పనిసేస్తాది?" అని వచ్చినవాళ్ళ ముందే అరిచేవాడు. నేను లాగేదాన్ని. నిజంగానే దగ్గరకు లాగితే వెలుగు ఇంకా మెత్తబడేది. ఆయన చెప్పింది సరైనదని తెలిసీ, ఆ గొంతు విన్నప్పుడల్లా గొడుగును మళ్ళీ వెనక్కి తోసేయాలనిపించేది. మగవాళ్ళు కొందరు నా ముందు నిలబడటానికి సిగ్గుపడి వేరే స్టూడియోకి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. మెటియాబ్రుజ్ నుంచి వచ్చే ఆడవాళ్ళు బావను ముందు గదిలో కూర్చోమని, తలుపేసి, ముసుగులు తీసి నవ్వేవారు.

క్రేను నడిపే ఆయన వెళ్ళిపోయే రోజులు దగ్గరపడ్డాయి. షాలిమార్ రైలు స్టేషన్లో సామాను బుక్ చేసి వస్తూ, దారిలో మా కొట్టు ముందు ఆగాడు. ఊరెళ్ళిపోతున్నామని చెప్పిపోదామని వచ్చానన్నాడు. బావ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు, టీ అనలేదు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"తమ్ముడూ, నీకో మాట సెప్పాల. మీ అమ్మ ఫోటో గొడుగు వల్ల పోనేదు, ఓల్టేజి వల్ల పోనేదు. ఆ పక్కనున్న మడిసి నాకు కనబళ్ళేదు. నా కళ్ళు పోతన్నాయి. నాకే తెలీదు అప్పుడికి."

ముందు గదిలో ఇంకో ఇద్దరు పాసు ఫోటోల కోసం వచ్చి ఉన్నారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను చీకటి గది తలుపు దగ్గర, తడి చేతులతో అలాగే నిలబడిపోయాను. ఎవరికీ చెప్పొద్దన్న మనిషి వీధి వినేలా చెప్పేశాడు.

క్రేను ఆయన తల దించుకున్నాడు. తల ఎత్తినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అలాగా అన్నా" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. మెట్టు దిగబోతూ మాత్రం వెనక్కి తిరిగి, "మందేసుకుంతన్నావా మరి?" అని అడిగాడు. వేసుకుంటున్నానన్నాడు బావ. ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళ కబురు మాకు తెలియలేదు.

మాట దాచే పని లేకపోయాక బావ కేకలు తగ్గాయి. ఒక్కసారిగా మంచివాడైపోయాడని కాదు. కొన్ని రోజులు బల్ల దగ్గర మూగగా కూర్చునేవాడు. కొన్ని రోజులు లోపలికి వచ్చి, గొడుగు గుడ్డ మీద దుమ్ము తుడిచి, కూర్చున్న పిల్లలతో బెంగాలీలో పరాచికాలాడి వాళ్ళ ముఖాలు కెమెరా వైపు తిప్పేవాడు. రద్దీ రోజుల్లో అది నాకు పెద్ద సాయం. చూపు మాత్రం మందు వేసినా అంగుళం అంగుళంగా తగ్గుతూనే వచ్చింది. ఆఖరికి ఎదురుగా పళ్ళెంలో ఉన్న అన్నం కనిపించేది, పక్కనున్న కూర కనిపించేది కాదు. అమ్మాయే పళ్ళెం తిప్పి పెట్టేది.

నేను పరీక్ష చేయించుకున్నాను. నాకు ఏమీ లేదన్నారు. అమ్మాయి మాత్రం ఎంత చెప్పినా వినేది కాదు. బళ్ళో ఉన్నప్పుడు సెలవు లేదంది, కాలేజీకి వచ్చాక టైము లేదంది. ఒక రోజు గట్టిగా నిలదీస్తే బయటపడింది.

"భయం మా. ఉంటే ఏం చేస్తాం? తెలీకపోతే తెలీకుండానే ఉంటాను కదా!" సగం తెలుగు, సగం బెంగాలీ. అరిచి, మంచం మీద పడి ఏడ్చింది.

బావ గోడ పట్టుకుని వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. "నానూ అలాగే తెలీకుండా ఉన్నానే" అన్నాడు. తల నిమరబోతే చేయి దిండు మీద పడింది. అమ్మాయే ఆ చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

మర్నాడు ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ బదిలీ అయిపోయింది, వేరే ఎవరో ఉన్నారు. అమ్మాయిని లోపలికి పిలిచారు, మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు వెనక నుంచి బల్ల మీద తట్టిన చప్పుడు వినిపిస్తోంది. బావ తల వంచుకుని ఆ చప్పుళ్ళే వింటున్నాడు. ఆగినప్పుడల్లా నా చేయి నొక్కేవాడు, మళ్ళీ మొదలైతే వదిలేవాడు.

ఇప్పటికి చూపు నిండుగా ఉందన్నారు. ఒత్తిడి మాత్రం ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువగా ఉంది, ఏటా రావాలి, ఒక్క ఏడు కూడా మానకూడదన్నారు. అమ్మాయి చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికి వచ్చి ట్రాము కోసం నిలబడ్డాం. ట్రాము రాగానే అమ్మాయి వాళ్ళ నాన్న చేయి పట్టుకుని ముందు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది.